విప్పుడు మూట

ఆ ఏడాది మా కుట్టు కొట్టులోకి రెండు రకాల మూటలే వచ్చేవి. ఒకటి కుట్టుడు మూట, రెండోది విప్పుడు మూట.

కుట్టుడు మూట వచ్చిందంటే కొత్త పటాలం దిగిందని అర్థం. ఊరికి రెండు మైళ్ళ అవతల, ఇటుక బట్టీల మైదానంలో, యుద్ధానికి పంపే కుర్రాళ్ళకి తర్ఫీదు ఇవ్వడానికి శిబిరం వేశారు. ఎక్కడెక్కడి వాళ్ళో రైలు దిగి తిన్నగా అక్కడికి నడిచి వెళ్ళేవాళ్ళు. వాళ్ళ కోట్లు మాత్రం లారీలో మా కొట్టుకి వచ్చేవి. ఎడమ భుజం మీద పటాలం బిళ్ళ కుట్టి పంపాలి. ఒక్కో పటాలానికి ఒక్కో బొమ్మ, ఒక్కో రంగు దారం. తేలు బిళ్ళకి ఎర్ర దారం, తాబేలుకి పసుపు, గొడ్డలికి నీలం, కొంగకి ఆకుపచ్చ. వాళ్ళ అసలు నంబర్లూ గింబర్లూ ఊళ్ళో ఎవరికీ పట్టలేదు. "తాబేళ్ళు దిగాయి, ఇక బజార్లో బిస్కట్లు మిగిలినట్టే," అనుకునేవాళ్ళు.

ఎనిమిది తొమ్మిది వారాలు గడిచాక అవే కోట్లు మళ్ళీ వచ్చేవి. అది విప్పుడు మూట. యుద్ధంలోకి వెళ్ళేవాడి ఒంటిమీద ఏ పటాలమో తెలిపే గుర్తు ఉండకూడదట. అందుకని మేం కుట్టిన బిళ్ళలు మేమే ఊడదీసేవాళ్ళం. విప్పుడు మూట కొట్టులో పడిందంటే మూడు నాలుగు రోజుల్లో ఆ పటాలం రైలెక్కుతుందన్నమాట. ఆ సంగతి ఊరు మొత్తం మీద ముందుగా తెలిసేది నాకూ మా నాన్నకే. కోట్లు ఉతకడానికి పోయాయనుకుంటూ ఆ పిల్లలు శిబిరంలో చొక్కాలతో తిరుగుతుండేవాళ్ళు.

ఈ పని ఒప్పుకున్నప్పుడు శిబిరం సామాన్లు చూసే ఆఫీసరు నాన్న చేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. మేమాయన్ని స్టోరు సారు అనేవాళ్ళం.

"మీ కొట్టులో చూసింది మీ కొట్టులోనే ఉండాలి. కట్టుకున్న భార్యకి కూడా చెప్పకూడదు," అన్నాడు.

"ముఖ్యంగా ఆవిడకే చెప్పనండి," అన్నాడు నాన్న.

నాన్న హాస్యానికి అన్నది కాదు. అమ్మ నోట్లో నువ్వుగింజ నానదని మా వీధి వీధంతా నమ్మకం. నేనూ నమ్మేదాన్ని. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. రెండో మిషను మీద కూర్చుని నాన్నతో సమానంగా పనిచేసేదాన్ని. కొట్టు వెనకే మా ఇల్లు, మధ్యలో ఒక మందపాటి తెర. అమ్మ కొట్టు పని ముట్టుకునేది కాదు. ముట్టుకోనిచ్చేవాడూ కాదు నాన్న. ఒకసారి ఆయన కత్తెరతో కాగితం కత్తిరించిందని వారం రోజులు సణిగాడు. సాయంత్రం మేం లేచాక వచ్చి నేల ఊడ్చి, దారప్పోగులూ గుడ్డపేలికలూ చేటలోకి ఎత్తి పెరట్లో పారబోయడం వరకే అమ్మ పని. ఊడుస్తూ ఊడుస్తూ రోజూ ఒకటే అడిగేది. "ఇవాళ ఎవరి మూట?"

"ఎవరిదైతే నీకెందుకే?" అనేవాడు నాన్న. అమ్మ మూతి ముడుచుకుని వెళ్ళిపోయేది.

మా తమ్ముడికి అప్పుడు పంతొమ్మిది. నాన్న తర్వాత పెద్ద మిషను వాడిదే అని అందరం అనుకుంటున్న రోజులు. వేసవి మొదట్లో ఒక పొద్దున, దారం రీళ్ళు తెస్తానని బజారుకి వెళ్ళినవాడు పటాలంలో పేరిచ్చి వచ్చాడు. రీళ్ళు కూడా తెచ్చాడనుకోండి. అమ్మ అన్నం గిన్నె కింద పెట్టి, వాడికేసి చూసి, ఒక్కటే మాట అంది.

"ఆ కోటు ఒంటిమీద ఉండగా నువ్వు నా గడప తొక్కకు. నీ మొహం నేను చూడను."

వాడు దూరంగా ఎక్కడికో పోతే ఆ మాటకి అంత కష్టం ఉండేది కాదేమో. వాణ్ణి తీసుకొచ్చి మా ఊరి శిబిరంలోనే వేశారు, కొంగ పటాలంలో. వాడి భుజం మీద కొంగని నేనే కుట్టాను. కాలర్ లోపల ఆరువందల పధ్నాలుగు అని నంబరు. ఆ ఒక్క కోటుకీ మూడు వరసలు కుట్టడం చూసి కూడా నాన్న దారం వృథా అని సణగలేదు.

ఆదివారం మధ్యాహ్నం కొంగల్ని ఊళ్ళోకి వదిలేవాళ్ళు. ఒంటరిగా తిరగకూడదు, ఇద్దరిద్దరుగా వెళ్ళాలి, కోటు గుండీ ఒక్కటీ విప్పకూడదు అని రూలు. తమ్ముడి జోడీ ఒక పొడుగోడు. మా గుమ్మంలో తల వంచకపోతే నుదురు బొప్పి కట్టేది, మొదటి ఆదివారం కట్టింది కూడా. రెండు రోజుల రైలు ప్రయాణమంత దూరం వాళ్ళ ఊరు. నవ్వితే చిగుళ్ళన్నీ కనిపించేవి.

వాళ్ళిద్దరూ వచ్చి కొట్టులో బల్ల మీద కూర్చునేవాళ్ళు. బూట్ల చప్పుడు వినగానే అమ్మ తెర వెనక్కి వెళ్ళిపోయేది. వెళ్ళిపోయి అక్కడే నిలబడేది. తెర కింద నుంచి ఆమె కాలివేళ్ళు మాకు కనిపిస్తూనే ఉండేవి.

"పొడుగబ్బాయ్," అనేది తెర అవతల నుంచి. "నీ పక్కనున్న మనిషి వేళకి తింటున్నాడేమో కనుక్కో."

పొడుగోడు జానెడు దూరంలో ఉన్న తమ్ముడి వైపు తిరిగేవాడు. "ఏరా, వేళకి తింటున్నావా?"

"తింటున్నానని చెప్పరా."

"తింటున్నాడటమ్మా."

"అబద్ధమని చెప్పు. ఆ గొంతు వింటేనే తెలుస్తోంది."

"అబద్ధమటరా."

"అమ్మకి నమ్మకం లేకపోతే తెర తీసి చూడొచ్చు కదా, అని అడగరా."

పొడుగోడు నాకేసి బిక్కమొహం వేసి చూసేవాడు. "అమ్మా, ఇది కూడా చెప్పమంటారా?"

"అక్కర్లేదు. నాకు చెవుడు లేదు," అనేది అమ్మ. నాన్న నవ్వు ఆపుకోలేక సూది నోట్లో పెట్టుకుని కోటు మీదకి వంగిపోయేవాడు.

కాసేపటికి తెర పక్కనుంచి ఒక పళ్ళెం బయటికొచ్చేది. రొట్టె ముక్కలు, నాలుగు ఉడికించిన గుడ్లు. "పొడుగబ్బాయికి," అనేది. ఒక్క క్షణం ఆగి, "నాలుగూ వాడే తింటే కడుపునొప్పి వస్తుంది, రెండు పక్కవాడికి ఇమ్మను," అనేది.

అలా ఆరు ఆదివారాలు గడిచాయి. ఇప్పుడు తలుచుకుంటే మా ఇంట్లో అంత నవ్విన కాలం ఇంకొకటి లేదనిపిస్తుంది. యుద్ధం జరుగుతోంది, పేపరు నిండా చచ్చినవాళ్ళ పేర్లు, మేమేమో ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాళ్ళం. ఆరో ఆదివారం వెళ్తూ వెళ్తూ తమ్ముడు నన్ను గుమ్మం అవతలికి పిలిచాడు.

"అక్కా, వెళ్ళేలోపు అమ్మ ఒక్కసారి తెర తీస్తే చాలే. తిట్టినా సరే, నా మొహం చూసి తిట్టమను."

"తీస్తుందిలే. నీకింకా మూడు వారాలుంది కదా," అన్నాను. నాకు తెలిసిన లెక్క అది.

మంగళవారం పొద్దున లారీ వచ్చింది. డ్రైవరు మూటలు దించి, దించినట్టే వెళ్ళిపోయాడు. కొత్త పటాలమేదీ రాలేదే అనుకుంటూ నేను మిషనుకి నూనె వేస్తున్నాను. నాన్న మొదటి మూట ముడి విప్పాడు. విప్పినవాడు అలాగే వంగి ఉండిపోయాడు.

"ఏంటి నాన్నా?"

ఆయన పక్కకి జరిగాడు. పైన ఉన్న కోటు మీద ఆకుపచ్చ దారంతో కొంగ.

"ఏడు వారాలే అయింది," అన్నాను. "పొరపాటున పంపారేమో."

"వాళ్ళు పొరపాటు చేసినా మనకి చెప్పరు," అన్నాడు నాన్న. "బ్లేడు తీసుకో."

మూడువందల కోట్లు. కుట్టు విప్పడంలో ఒక పద్ధతి ఉంది. ప్రతి కుట్టూ కొయ్యక్కర్లేదు. మూడు కుట్లకొకటి చొప్పున బ్లేడుతో తెంపి, వెనకనుంచి దారం లాగితే మొత్తం జర్రున వచ్చేస్తుంది. గుడ్డకి దెబ్బ తగలదు. మా పని తెలిసినవాళ్ళెవరైనా అలాగే చేస్తారు. పదేళ్ళప్పుడే నాన్న నాకది నేర్పాడు. ఆ రోజు కొంగలు ఒక్కొక్కటే ఊడి నా ఒళ్ళో పడుతుంటే నా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆరువందల పధ్నాలుగు నంబరు కోటు మాత్రం నా దాకా రాలేదు. నాన్న ముందే తీసుకుని తన దగ్గర పెట్టుకున్నాడు. మూడు వరసల కుట్టు విప్పడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

తెర అవతల అమ్మ గిన్నెలు తోముతోంది. నేను గొంతు తగ్గించి అన్నాను. "అమ్మకి చెబుదాం నాన్నా. ఈ ఆదివారం వాళ్ళు రారు. వాడు వెళ్ళిపోతాడు, ఈవిడ తెర వెనకే ఉండిపోతుంది."

"సంతకం పెట్టానే."

"కొడుకు కంటే నీకు సంతకం ఎక్కువైందా?"

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "ఎక్కువ కాదమ్మా. ఆ రైల్లో మూడువందల మంది ఎక్కుతారు. మీ అమ్మ ఏడుస్తూ వీధిలోకి పరిగెత్తిందనుకో, సాయంత్రానికి రైలు సంగతి ఎక్కడికి పాకుతుందో ఎవరికి తెలుసు? వాడు మన వాడు. మిగతా వాళ్ళు కూడా ఎవరో ఒకరి వాళ్ళే కదా."

నిజం చెప్పొద్దూ, ఆ రోజు నాన్నని అసహ్యించుకున్నాను.

సాయంత్రం అమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. నేను తలెత్తి చూడలేదు. "ఇవాళ ఎవరి మూట?" అంటే ఏమని అబద్ధం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. అమ్మ నేలంతా ఊడ్చింది, మిషన్ల కిందికి వంగి వంగి మరీ ఊడ్చింది, చేటలోకి ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ ఒక్కరోజూ అడగలేదు. బతికాంరా దేవుడా అనుకున్నాను.

మర్నాడు పొద్దున, విప్పడం అయిపోయిన కోట్లు మడతపెట్టి మూట కడుతున్నాం. నాన్న ఒక కోటు ఎత్తాడు. దాని ఎడమ చెయ్యి భుజం దగ్గర కుట్టు ఊడి వేలాడుతోంది. గుడ్డ చిరగలేదు, కుట్టు మాత్రం విప్పేసి ఉంది. కాలర్ తిప్పి చూశాడు. ఆరువందల పధ్నాలుగు.

నాన్న నాకేసి చూశాడు. నేను నాన్నకేసి చూశాను.

నిన్న ఆ కోటు ఆయన చేతిలోనే ఉంది. దగ్గరికి తీసుకుని చూస్తే, అక్కడ ప్రతి కుట్టూ విడివిడిగా కోసి ఉంది, పని రానివాళ్ళు చేసినట్టు. తన చెయ్యి అని తెలియకుండా ఉండడానికి కావాలనే అలా కోశాడు కాబోలు అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళలో తన కొట్టునుంచి ఒక్క కోటు కూడా పాడై వెనక్కి పోలేదని గొప్పలు చెప్పుకునే మనిషి! నిన్నటి కోపమంతా కరిగిపోయి, లేచి ఆయన కాళ్ళు పట్టుకోవాలనిపించింది.

నాన్న ఆ కోటు పక్కన పెట్టాడు. చీటీ తీసుకుని పెన్సిలు తడిచేసి రెండు మాటలు రాశాడు. చెయ్యి ఊడిన కోటు కొలత చూడకుండా తిరిగి ఎక్కించడం మా కొట్టులో లేదు, పాత కాలం నుంచీ అదే పద్ధతి. చీటీ మీద ఎప్పుడూ రాసేదే రాశాడు. ‘614. మనిషి రావాలి.’ ఆ చీటీ శిబిరానికి పంపించాడు.

మధ్యాహ్నం మనిషి వచ్చాడు, వెంట పొడుగోడితో. కోట్లన్నీ మా దగ్గరే ఉన్నాయి కాబట్టి ఇద్దరూ ఉత్త చొక్కాలతో ఉన్నారు. "గంటే టైమిచ్చారు," అన్నాడు తమ్ముడు. "నా కోటుకేమైంది?"

నాన్న నోరు తెరిచేలోపు తెర పక్కకి జరిగింది. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. తమ్ముడు గబుక్కున వెనక్కి తిరిగాడు, మొహం చూపించొద్దంది కదా.

"ఒంటిమీద కోటు లేదుగా," అంది అమ్మ. "లోపలికి రా. పొడుగబ్బాయ్, నువ్వు కూడా. తల వంచు."

నేను కోటు చెయ్యి ఎక్కించబోతే అమ్మ నా చేతిలోంచి లాగేసుకుంది. తనే కుడతానంది. వంటింట్లో వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి, తినమని ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని కుట్టింది. కుట్లు వంకరటింకరగా పోతున్నాయి. నా కుట్టు ఒక్క నూలుపోగు పక్కకి పోతే స్కేలుతో వేళ్ళ మీద కొట్టిన నాన్న, గుమ్మానికి ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు. 

అమ్మ మాట్లాడినవన్నీ మామూలు మాటలే. మెడ వెనక ఎందుకు తోముకోవు అంది. గోళ్ళు చూడు ఎలా ఉన్నాయో అంది. పొడుగోణ్ణి వాళ్ళమ్మ గురించి అడిగింది. వాళ్ళమ్మ బడిలో వంట చేస్తుందట, వీడి కోసం మంచం పొడుగు చేయించిందట. తమ్ముడు తింటూ ఏడుస్తున్నాడు, ఏడుస్తూ నవ్వుతున్నాడు. కుట్టడం అయిపోయాక అమ్మ దారం పంటితో కొరికి, లేచి, కోటు తనే వాడికి తొడిగింది. కింది నుంచి పైదాకా ఆరు గుండీలూ పెట్టింది. భుజం మీద కొంగ లేకపోవడం వాళ్ళ కంట పడలేదనుకున్నాను. పెట్టి, రెండు చేతులతో వాడి మొహం పట్టుకుని చూసింది.

"వచ్చే ఆదివారం మళ్ళీ వస్తామమ్మా," అన్నాడు పొడుగోడు.

"రండి," అంది అమ్మ. "ఈసారి ఆరు గుడ్లు ఉడికిస్తాను."

పాపం ఈవిడకేం తెలుసు అనుకుని నేను పెరట్లోకి పారిపోయాను.

శుక్రవారం పొద్దున రైలు కూత వినిపించింది. మధ్యాహ్నానికి పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది. "విన్నారా, కొంగలు ఎగిరిపోయాయట!" అమ్మ "అలాగా," అని బట్టలు ఆరేసుకుంటూ ఉండిపోయింది. ఆదివారం మాత్రం ఆరు గుడ్లు ఉడికించింది. మేం ముగ్గురం తలా రెండు తిన్నాం.

చలి పడేదాకా ఇంకో మూడు పటాలాలు వచ్చి వెళ్ళాయి. ఆ తర్వాత శిబిరం ఎత్తేశారు. మైదానంలో మళ్ళీ ఇటుకలు కాల్చడం మొదలుపెట్టారు.

తమ్ముడు రెండేళ్ళకి తిరిగొచ్చాడు, సగం మనిషై. పొడుగోడు రాలేదు. ఎక్కడ, ఎలా అని వాడు చెప్పలేదు, మేం అడగలేదు.

ఇదంతా జరిగిన పన్నెండేళ్ళకి ఒక సాయంత్రం. నాన్నకి చూపు తగ్గి కుట్టడం మానేశాడు, అయినా పొద్దుటే వచ్చి బల్ల మీద కూర్చునేవాడు. పెద్ద మిషను మీద తమ్ముడు, రెండో దాని మీద నేను. తమ్ముడు ఎవరిదో కోటు చెయ్యి విప్పుతూ ఉన్నట్టుండి నవ్వాడు.

"నాన్నా, ఆ రోజు నా కోటు చెయ్యి నువ్వే ఊడదీశావు కదూ? ఇన్నేళ్ళూ అడుగుదామనుకుని మర్చిపోతున్నాను."

"నేనా? మీ అక్క కదరా," అన్నాడు నాన్న.

నేను మిషను ఆపాను. "నేనెక్కడ నాన్నా? నువ్వు చేశావనే ఇన్నేళ్ళూ నీ మీద ఈగ వాలనివ్వకుండా చూసుకుంటున్నాను."

"సంతకం పెట్టినవాణ్ణి నేనెలా చేస్తానే?"

నాకు ఆ ఊడిన భుజం కళ్ళముందు కనిపించింది. ప్రతి కుట్టూ విడివిడిగా కోసి ఉంది. పని తెలిసినవాళ్ళు మూడు కుట్లకొకటి కోస్తారు. మా ఇంట్లో ఆ పని తెలియని మనిషి ఒక్కరే.

అమ్మ అప్పుడే చీపురూ చేటా పట్టుకుని వచ్చింది. ముగ్గురం తనకేసే చూస్తున్నామని చూసి ఆగింది. "ఏంటి, అందరూ నన్ను మింగేసేలా చూస్తున్నారు?"

"అమ్మా, వీడి కోటు..." అన్నాను.

"ఆ, అదా," అంది. "కొట్టు ఊడ్చేది నేను కదే. చేటలో ఆకుపచ్చ పోగులు పడితే ఎవరి మూట విప్పారో తెలియదా?" వంగి నా మిషను కింద ఊడవడం మొదలుపెట్టింది.

"అయితే మిగతావి కూడా నీకు తెలుసా?" అన్నాడు నాన్న.

"ఎరుపు, పసుపు, నీలం... మొత్తం తొమ్మిది పటాలాలు. అన్నీ నేనే ఎత్తి పారబోశాను."

"ఎవరికీ చెప్పలేదేం?"

"మీరిద్దరూ గుటకలు మింగుకుంటూ తిరగడం చూశాను. చెప్పకూడదనేగా! నా నోట్లో నువ్వుగింజ నానదని కాగితం మీద రాసిచ్చారేమో స్టోరు సారుకి, నాకేం తెలుసు?" అంది. కోపంగా అనలేదు, అయినా నాన్న తల దించుకున్నాడు.

తమ్ముడు చేతిలో బ్లేడు కింద పెట్టాడు. "మరి నా ఒక్కడి కోటే ఎందుకు విప్పావమ్మా? పొడుగోడిది కూడా ఆ మూటలోనే ఉంది కదా."

అమ్మ ఊడవడం ఆపింది. నడుం పట్టుకుని నెమ్మదిగా నిటారుగా నిలబడింది.

"వాళ్ళమ్మ ఈ ఊళ్ళో లేదు కదరా," అంది. "ఉంటే వాడిదీ విప్పేదాన్ని. అందరి అమ్మలూ ఇక్కడే ఉండి ఉంటే మూట మొత్తం విప్పేదాన్ని."

చేటలోకి పోగులు ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళింది. మేం ముగ్గురం దీపం వెలిగించడం మర్చిపోయి అలాగే కూర్చున్నాం.